గున్నయ్య చెప్పిన దూరం

నేను ఒక గ్రెనేడ్ లాంచర్‌ని. పేరు వినగానే ముఖం అలా పెట్టకండి. ఇప్పుడంటే ఆయుధాగారంలో ఓ మూలన పడి ఉన్నాను గానీ, చెప్పుకోవడానికి నాకూ ఒక కథ ఉంది. కర్మాగారంలో ఇనుము కాచి, గొట్టం తొలిచి, ఆరు గుండ్లు పట్టే పొట్ట బిగించి నన్ను తయారు చేశారు. చేత్తో విసిరిన బాంబు అంత దూరం పోదు. ఫిరంగితో కొడదామంటే మనవాళ్లే మరీ దగ్గరలో ఉంటారు. ఆ మధ్య జాగా నాది. ముందుకు పోయే జవాన్లకు వెనక నుంచి ఆసరాగా, బండల చాటున దాక్కున్నవాళ్ల నెత్తిన గుండు వేయడం నా పని. ఒకళ్లనొకళ్లు చంపుకోవడానికి మనుషులు ఎంత బుర్ర ఖర్చు పెడతారో తలచుకుంటే నాకే నవ్వొస్తుంది.

రెండు మూడు చేతులు మారి, టెక్కలి వైపు నుంచి వచ్చిన కూర్మారావు చేతిలో పడ్డాను. అబ్బో, ఎంత ముద్దుగా చూసుకునేవాడో! వాన పడితే తన దుప్పటి తీసి నాకు కప్పేవాడు. అదే దళంలో ఉన్న అతని ఊరివాడు గున్నయ్య ఊరుకుంటాడా?

"ఒరే కూర్మా, రేపు పెళ్లైతే పెళ్లాన్ని కూడా ఇలాగే నూనిగుడ్డెట్టి తుడుస్తావేటి?" అని ఏడిపించేవాడు.

ఒక ఉదయం సరిహద్దు కొండల్లో, శత్రువులు పైన రాతిగోడ చాటు నుంచి కాలుస్తున్నారు. అందరికంటే ముందు పైకి పాకిన గున్నయ్య తొడలో తూటా దిగి ఒక బండ వెనక పడిపోయాడు. కింద మా దళానికి తల ఎత్తే దారి లేదు. అప్పుడు వాకీటాకీలో గున్నయ్య గొంతు వినబడింది.

"నాను గోడకి సాలా దూరంగా ఉన్నాన్రా. భయం నేదు. కొట్టీ!"

కూర్మారావు వేలు నా మీట మీదికి వచ్చింది. అంతలో ఆ వాకీటాకీలోనే, గున్నయ్య గొంతు వెనకాల శత్రువుల మాటలు, పక్కింట్లో మాట్లాడుకుంటున్నంత స్పష్టంగా వినబడ్డాయి. గున్నయ్య గోడ పక్కనే ఉన్నాడు! నా గుండు పడితే వాళ్లతో పాటు తనూ పోతాడు. మిగతావాళ్లం బతకాలని, తెలిసే అబద్ధమాడాడు.

కూర్మారావు మీట మీంచి వేలు తీసేశాడు. నా పొట్ట తెరిచి పేలే గుండ్లు తీసేసి, పొగ గుండ్లు పెట్టాడు. "ఉండెహె, సచ్చినోడా!" అని తిట్టుకుంటూ వరసగా అన్నీ వదిలేశాడు. తెల్లటి పొగ గోడను కమ్మేసింది. ఆ చాటున దళం పక్క లోయలోకి తప్పుకుంది. కూర్మారావు మాత్రం నన్ను మెడకు తగిలించుకుని పైకి పరుగెత్తాడు. గున్నయ్యను భుజాన వేసుకుని, దగ్గుతూ ఏడుస్తూ దిగాడు. ఆ కన్నీళ్లు నా మీదే పడ్డాయి. నిజం చెప్పొద్దూ, అంత హాయి నాకు మళ్లీ ఎప్పుడూ కలగలేదు.

గుడారంలో డాక్టరు గాయం నొక్కి చూస్తూ, నొప్పిగా ఉందా అని హిందీలో అడిగాడు.

"నై సార్" అన్నాడు గున్నయ్య, పళ్లు బిగబట్టి.

ఆ క్షణంలో కూర్మారావుకు హిందీ ఒక్క ముక్క గుర్తు రాలేదు. గున్నయ్య చెయ్యి వదలకుండా, "ఈడి మాట నమ్మకండి బాబూ, ఈడు ఉత్త అబద్దాలకోరు!" అని తెలుగులోనే బావురుమన్నాడు.