నా గొంతులో బంతిపూల దండ

నేను ఒక హెలికాప్టర్ ఇంజన్ని. నాకు కావలసినవి రెండే: చమురు, పీల్చుకోవడానికి గాలి. పూలక్కర్లేదు. ఈ మాట మనుషులకు చెప్పే నోరు లేకపోవడమే నా ఖర్మ.

పుట్టింది పరదేశంలో. మొదట ఒక సిమెంటు వ్యాపారిని మోశాను. పాపం భయస్తుడు, దిగేదాకా కళ్లు తెరిచేవాడు కాదు. తర్వాత ఎన్నికల ప్రచారానికి సూర్యప్రకాశం గారనే నాయకుడి పాలబడ్డాను. ఆయనకు భయం లేదు, ముహూర్తాలున్నాయి.

ఆ రోజు గుంటూరు వైపు సభ. పైలట్ జోసెఫ్ నన్నంతా తడిమి చూసుకుని ఎక్కి కూర్చున్నాడు. ఇంతలో అనుచరుడు బుల్లబ్బాయి బారెడు బంతిపూల దండ తెచ్చి, సరిగ్గా నేను గాలి పీల్చే చోట తగిలించాడు. జోసెఫ్ దిగొచ్చి లాగేశాడు.

"పూజ చేసిన దండ సారూ! తీస్తే అన్నకి అరిష్టం!" అన్నాడు బుల్లబ్బాయి.

"ఉండనీవయ్యా, పూలేగా. నీ ఇంజన్ని కరుస్తాయా?" అన్నారు నాయకుడు.

జోసెఫ్ వినలేదు. కానీ అతను మళ్లీ సీట్లో కూర్చోగానే బుల్లబ్బాయి దాన్ని చాటుగా నా గాలిదారికున్న జాలీ సందులో దోపేసి, తనూ ఎక్కేశాడు. భక్తి మరి!

పైకెళ్లాక దారం తెగింది. పూలన్నీ ముద్దయి నా గొంతుకు అడ్డం పడ్డాయి. దగ్గాను, గింజుకున్నాను, ఆగిపోయాను. లోపల మూడు ప్రాణాలు! నాకు భయమేసింది, అంతకు మించి సిగ్గేసింది.

"ఇంజన్ పోయింది! గట్టిగా పట్టుకోండి!" అని అరిచాడు జోసెఫ్.

"ఓరి నాయనో! జోసెఫూ, నీ కాళ్లు మొక్కుతా, దించు బాబూ!" అన్నారు భయం లేని నాయకుడు.

కింది నుంచి కొట్టే గాలికే పైరెక్కలు తిరుగుతుంటే, ఆ కాస్త ఆసరాతో జోసెఫ్ నన్ను నాగరత్తమ్మ అనే రైతు మిరపకాయల కల్లంలో దించాడు. ఎండుమిర్చి అంతా ఆకాశానికి లేచింది.

"సచ్చినోళ్లారా, కాయంతా పాయె!" అని కర్ర పట్టుకుని వచ్చిన నాగరత్తమ్మ, లోపల మనుషులను చూసి కర్ర పారేసింది. "దెబ్బలేం తగల్లేదు గదా నాయనా?" అంటూ మంచినీళ్లిచ్చింది. ఆ రోజు నేను విన్న మంచి మాట అదొక్కటే.

జోసెఫ్ నా గొంతులోంచి పూలముద్ద బయటికి తీశాడు. "దీనివల్లే ఆగింది సార్."

అప్పటికే టీవీల వాళ్ల మైకులు వచ్చేశాయి. నాయకుడు మిరపఘాటుకు కారుతున్న కన్నీళ్లు తుడుచుకోకుండా ఆ ముద్దను కళ్లకద్దుకున్నారు. "చూశారా! ఇంజన్ మోసం చేసినా దండ నన్ను వదల్లేదు!"

ఆ పూలముద్ద ఇప్పుడు పార్టీ ఆఫీసులో అద్దాల పెట్టెలో ఉంది. జరిగింది జరిగినట్టు రాసిచ్చిన జోసెఫ్ ఇంటిదగ్గరున్నాడు. నేను తుక్కు షెడ్డులో ఉన్నాను.

నిన్న మెకానిక్కులు చెప్పుకుంటుంటే విన్నాను. నాయకుడికి కొత్త హెలికాప్టర్ వచ్చిందట. ఒక్క దండే అంత కాపాడింది కదా అని ఈసారి బుల్లబ్బాయి రెండు తెస్తున్నాడట. కొత్త పైలట్ చాలా మర్యాదస్తుడట, పెద్దల మాట కాదనడట.