కుడికాలు, ఎడమకాలు, మూడు మంచు కొండలు

మా బతూల్ మంచు మీద నలభై ఒక్కసారి పడింది. నోటికొచ్చిన లెక్క కాదు ఇది. గాజు గోడకు ఇవతల బెంచీ మీద కూర్చుని, పడ్డప్పుడల్లా తస్బీలో ఒక పూస జరిపాను. అల్లా పేరు తలచుకునే పూసల్ని ఇట్లాంటి పనికి వాడినందుకు ఆయనే నన్ను క్షమించాలి.

సౌదీలో మంచు ఎక్కడిదని అడక్కండి. ధహ్రాన్ దగ్గర ఒక పెద్ద మాల్ లోపల, మెషిన్లు పెట్టి మంచు కురిపించి, ఏటవాలు గుట్ట ఒకటి కట్టారు. బయట నవంబరు ఎండకు నేను చెమటలు తుడుచుకుంటుంటే, లోపల మా పిల్ల దుప్పటంత కోటు వేసుకుని వణుకుతూ పడుతూ ఉంటుంది. డబ్బిచ్చి మరీ చలి తెచ్చుకునే మనుషుల్ని నేను ఈ దేశంలోనే చూశాను.

మా పిల్ల అంటున్నాను గానీ, బతూల్ నా పిల్ల కాదు. నేను రాయచోటి దగ్గర ఒక పల్లె నుంచి పద్దెనిమిదేళ్ల కిందట ఖతీఫ్‌లోని ఈ ఇంటికి పనికి వచ్చాను. అప్పటికి దానికి ఎనిమిది నెలలు. స్నానం, అన్నం, నిద్ర అన్నీ నా చేతుల మీదే. నేను నాలో నేను మాట్లాడుకునే తెలుగు వినీ వినీ అది కూడా పట్టేసింది. చిన్నప్పుడు పప్పును బబ్బు అనేది. ఇప్పుడు వాళ్లమ్మకు తెలియకూడని మాట ఏదున్నా నాతో అచ్చం రాయచోటి మనిషిలా మాట్లాడుతుంది. వాళ్లమ్మను నేను మామా అంటాను, వాళ్ల నాయనను బాబా అంటాను. ఇక్కడ పనిమనుషులంతా అట్లాగే పిలుస్తారు. బతూల్ నన్ను బూబమ్మా అంటుంది.

నడక నేర్పింది కూడా నేనే. గడప దగ్గర నిలబెట్టి, "కుడికాలు ముందు పెట్టు తల్లీ" అని వెయ్యిసార్లు చెప్పాను. ఎడమకాలు పెట్టిందో, వెనక్కి లాగి మళ్లీ పెట్టించేదాన్ని. మా అమ్మ నాకు అట్లాగే నేర్పింది. ఈ ఇంట్లో ముసలామె, అంటే బాబా వాళ్లమ్మ కూడా అదే అనేది కాబట్టి నాకు అడ్డు చెప్పినవాళ్లు లేరు.

ఇక ఈ మంచు పిచ్చి ఎక్కడ పట్టుకుందో తెలీదు గానీ, ఈ ఏడు చలికాలమంతా మంచు కొండల మీద కాళ్లకు పొడవాటి పలక కట్టుకుని జారాలని బతూల్ తీర్మానించుకుంది. పెద్ద పేరున్న చోట్లు వద్దంట. అక్కడ జనం ఎక్కువ, పొగరు ఎక్కువ అంటుంది. జార్జియాలో రెండు, టర్కీలో ఒకటి, ఎవరూ వినని చిన్న కొండలు వెదికి పట్టింది. ఒక కొండ మీద పైకి లాగే తాడు ఒకటే ఉందంట. దాన్ని నడిపే ముసలాయన మధ్యాహ్నం భోజనానికి పోతే కొండ మూసేసినట్టేనంట. ఇంకొక చోట హోటలే లేదు, ఒక అవ్వ తన ఇంట్లో రెండు గదులు అద్దెకిస్తుంది, రొట్టె తనే కాలుస్తుంది. ఇవన్నీ చెబుతుంటే దాని కళ్లు మెరిసేవి. పెద్ద కాగితం ఒకటి తెచ్చి, మూడు కొండలు బొమ్మ వేసి, ఒకదాని నుంచి ఒకదానికి బస్సు గీత గీసి, అన్నిటికన్నా పైన ఎర్ర సున్నా ఒకటి చుట్టి, దాని పక్కన అరబ్బీలో ఏదో రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించింది.

బాబా ఒక షరతు పెట్టాడు. "ఈ నెల ఆఖరు గురువారం లోపల, ఆ మాల్‌లో మూడుసార్లు పడకుండా కిందికి రా. అప్పుడు చూద్దాం. ఊరు గాని ఊరిలో కాలు విరగ్గొట్టుకుంటానంటే పంపను."

బతూల్ అవతలికి పోయాక మామా ఇంకొకటి కలిపింది. "మహబూబ్బీ వెంట ఉంటేనే."

మహబూబ్బీ అంటే నేనే. కానీ ఊరికి పోయే నా టికెట్టు జనవరి తొమ్మిదికి. మళ్లీ తిరిగి రాకుండా, ఇక చాలు అని పోతున్నాను. ఈ దేశం వదిలిపోవాలంటే యజమాని ఇవ్వాల్సిన ఖురూజ్ కాగితం మీద సంతకం పెడతానని బాబా రంజాన్ నాడే మాటిచ్చాడు. జనవరి ఇరవైకి నా కూతురు సబీనాకు కాన్పు. దాని పెళ్లికి నేను లేను. మొదటి కాన్పుకూ లేను. ఆ బిడ్డ నాలుగు రోజులే బతికింది. మట్టి వేసేటప్పుడు నా కూతురి తల పట్టుకోవడానికి నేను లేను. అప్పటి నుంచి సబీనా ఫోన్‌లో ఏడవడం మానేసింది. మొన్న మాత్రం, "మా, ఈసారన్నా నువ్వు ఉంటావా? ఉంటానని చెప్పు, ఉత్తమాటలొద్దు" అంది. ఉంటానని ఖురాన్ మీద చెయ్యి పెట్టి చెప్పాను.

బతూల్ కొండలేమో జనవరి సెలవుల్లో మొదలై మార్చి దాకా ఉన్నాయి. నాకు చదువు రాదు. ఫ్రిజ్ తెరిచినప్పుడల్లా ఆ ఎర్ర సున్నా నా మొహం మీదికి వచ్చేది. ప్రయాణం మొదలయ్యే రోజు అదేననుకున్నాను. నన్ను ఇక్కడ కట్టిపడేసే రోజు అదేననుకున్నాను. అడుగుదామంటే నోరు రాలేదు. అడిగితే అవునంటుందని భయం. పాలు తీసినా, పెరుగు తీసినా, ఆ సున్నాను తిట్టుకుంటూనే తీశాను.

అందుకే చెబుతున్నాను, అది పడుతుంటే నాకు బాధ ఒక పక్క, ఇంకొక పక్క మనసు నిమ్మళం. ఇట్లా చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ నిజం అదే.

ఆ రోజు నా పక్కన డ్రైవర్ దస్తగిరి కూర్చున్నాడు. ప్రొద్దుటూరు వైపు పిల్లోడు, నన్ను అక్కా అంటాడు, నోరు మాత్రం ఊరుకోదు. నలభై ఒకటో పూస జరిపేసరికి వాడు అన్నాడు.

"అక్కా, మన బతూలమ్మను చూస్తే నాకు మా నాయన ఎద్దు గుర్తొస్తాంది."

"నీ నోట్లో మన్ను బడ. పిల్లను ఎద్దు అంటావేరా?"

"అది కాదక్కా. దాపటెద్దును తెచ్చి ఎలపట కట్టినాడు మా నాయన ఒకసారి. ఎడంపక్క నడిచే ఎద్దు గదా అది, కుడిపక్క కాడికి కట్టేతలికి అడుగడుక్కీ తడబడె. అట్లనే ఉండాది ఈ పిల్ల. బలం ఉండాది, బెదురు లేదు, ఐనా పడతాంది. యాడనో అటుదిటు అయింది."

నేను గాజు గోడ దగ్గరికి పోయి చూశాను. పలక మీద బతూల్ కుడికాలు ముందుంది, ఎడమకాలు వెనక ఉంది. ఇది తిరగబడిందే అనుకున్నాను.

ప్రతి శుక్రవారం నేను వాకిట్లో బండలు కడిగేదాన్ని. సబ్బు నీళ్లు పోయగానే బతూల్ పరిగెత్తుకొచ్చి ఈ గోడ నుంచి ఆ గోడ దాకా జర్రున జారేది. నాలుగేళ్ల నుంచి పద్నాలుగేళ్ల దాకా ఆపలేదు. అప్పుడెప్పుడూ ఎడమకాలే ముందు. కుడికాలు ముందు పెట్టి జారడం నేను ఒక్కసారీ చూడలేదు.

మరి ఇక్కడ ఎట్లా మారింది? మొదటి రోజు నా కళ్లెదుటే జరిగింది. నేర్పేవాడు మంచు హాలు గుమ్మం దగ్గర దాన్ని నిలబెట్టి, చెప్పకుండా వెనక నుంచి మెల్లగా తోశాడు. ఏ కాలు ముందు పడితే ఆ కాలును పలక మీద ముందు పెట్టి బిగిస్తారంట, అది వాళ్ల పద్ధతి. గుమ్మం దగ్గర తోస్తే నేను పెంచిన పిల్ల ఏ కాలు పెడుతుంది? కుడికాలే పెట్టింది. నాకు ఆ రోజు గర్వంగా కూడా అనిపించింది, నా మొహం.

ఇదంతా తెలిసిన తర్వాత నేను చెప్పాలి కదా. చెప్పలేదు. నోరు కుట్టేసుకుని బెంచీ మీద కూర్చున్నాను. ఇంకా రెండు వారాలుంది, అది అట్లాగే పడితే ప్రయాణం ఉండదు, ప్రయాణం లేకపోతే నా టికెట్టుకు అడ్డం లేదు. సబీనా మొహమే కళ్ల ముందు పెట్టుకున్నాను. రెండు వారాలు అది పడింది, నేను చూశాను. యాభై దాటాక పూసలు జరపడం మానేశాను.

ఆఖరు గురువారానికి ముందు రోజు, సాయంత్రం బతూల్ వంటింట్లోకి వచ్చి కింద కూర్చుని ప్యాంటు పైకి లాగింది. మోకాళ్లు రెండూ నల్లగా కమిలిపోయాయి.

"నూనె రాయి బూబమ్మా" అంది.

ఆముదం వెచ్చజేసి రాస్తున్నాను. అది మెల్లగా అంది.

"నాతో కాదు బూబమ్మా. నాకు రాదు. రేపు పోను. ఆ కాగితం చించేస్తా."

ఎదురు మాట్లాడని పిల్ల కాదు అది, ఓడిపోయానని ఒప్పుకునే పిల్ల అసలే కాదు. చిన్నప్పుడు సైకిల్ మీద నుంచి పడి పన్ను విరిగినా నోట్లో నెత్తురుతోనే మళ్లీ ఎక్కింది. ఆ పిల్ల నా ముందు తల వంచుకుని కూర్చుంటే నేను నూనె గిన్నె పక్కన పెట్టేశాను. నా కూతురికి మాటిచ్చాను, నిజమే. దానికోసం ఈ కూతుర్ని విరగ్గొట్టమని ఎవరూ చెప్పలేదు.

"లెయ్" అన్నాను. "వాకిట్లోకి రా."

బకెట్టు నిండా సబ్బు నీళ్లు తెచ్చి బండల మీద కుమ్మరించాను. "జారు" అన్నాను.

"పిచ్చా నీకు? నొప్పులతో చస్తాంటే."

"జారమంటాండానా, జారు."

నవ్వింది, రెండడుగులు పరిగెత్తి జారింది. ఎడమకాలు ముందు. పడలేదు. గోడ దాకా పోయి ఆగి, తన కాళ్ల వైపు చూసుకుంది. మళ్లీ జారింది. మళ్లీ ఎడమకాలే. అప్పుడు నా వైపు తిరిగింది.

"నేను నేర్పిన కుడికాలు గుమ్మానికి" అన్నాను. "జారేదానికి కాదు. ఆ మనిషి గుమ్మం కాడ తోసినాడు, నువ్వు కుడికాలు పెట్టినావు. అదీ తప్పు."

"నీకు ఇప్పుడు తెలిసిందా?"

అబద్ధం చెప్పొచ్చు. నోటి దాకా వచ్చింది కూడా.

"రెండు వారాలాయె" అన్నాను. "తెలిసీ చెప్పలేదు. నువ్వు పోతే నేను వెంట రావాల. అప్పుడు సబీనా కాన్పుకు ఉండను. అందుకే నోరు మూసుకున్నా. కొట్టాలంటే కొట్టు, తల్లీ."

బతూల్ తడి కాళ్లతో అట్లాగే లోపలికి పోయి తలుపు వేసుకుంది. ఆ రాత్రి నేను చేసిన అన్నం తినలేదు. దానికి కోపం వస్తే ఎంత కష్టమో నాకు తెలుసు గానీ, అంత సేపు నాతో మాట్లాడకుండా ఉండడం పద్దెనిమిదేళ్లలో అదే మొదటిసారి.

మరుసటి రోజు మాల్‌కు అందరూ వచ్చారు, బాబా కూడా. బతూల్ నేర్పేవాడితో ఏదో చెప్పి పలక మీద పట్టీలు విప్పించి అటుదిటు మార్పించింది. గుట్ట పైకి పోయి, ఎడమకాలు ముందు పెట్టి దిగింది. వాకిట్లో సబ్బు నీళ్ల మీద జారినంత సులువుగా దిగింది. ఒకసారి, రెండోసారి, మూడోసారి. ఆఖరుకు గాజు గోడ దగ్గర గిర్రున తిరిగి, మంచు చిమ్మి ఆగింది. దస్తగిరి బెంచీ ఎక్కి ఈల వేశాడు. నేను ఏడుస్తున్నానని నాకే తెలియలేదు, వాడు చెప్పేదాకా.

ఆ రాత్రి భోజనాల దగ్గర మామా నా వైపు తిరిగి చాలా మంచిగా అంది. "మహబూబ్బీ, నీ టికెట్టును మార్చి నెలాఖరుకు జరుపుదాం. ఇంకా రెండున్నర నెలలే కదా. బతూల్ నువ్వు లేకుండా ఎక్కడికీ పోలేదు."

బాబా తల ఊపాడు. నేను గిన్నె పట్టుకుని నిలబడ్డాను. సంతకం పెట్టాల్సిన మనిషి తల ఊపిన తర్వాత నా మాటకు విలువేముంది? సబీనాకు ఏం చెప్పాలా అని అప్పుడే మనసులో వెదుక్కుంటున్నాను.

బతూల్ లేచి వంటింట్లోకి పోయి, ఫ్రిజ్ మీది కాగితం పీకి తెచ్చి వాళ్ల నాయన కంచం పక్కన పరిచింది. వేలు తీసుకుపోయి ఎర్ర సున్నా మీద పెట్టింది.

"ఇది చదవండి బాబా" అంది.

బాబా కళ్లజోడు సర్దుకుని అరబ్బీలో పైకి చదివాడు. "జనవరి తొమ్మిది. మహబూబ్బీ తన కూతురి దగ్గరికి పోయే రోజు. ఇది మారదు."

"దాని తర్వాతే మొదటి కొండ" అంది బతూల్. "చిన్నమ్మ నాతో వస్తుంది. రెండు నెలల కిందటే అడిగాను, సరేనంది. ఆమె సెలవు చూసుకునే కొండలన్నీ పెట్టుకున్నాను."

బాబా ఆ కాగితాన్ని మడిచి బతూల్ చేతికిచ్చి, "తొమ్మిదో తేదీనే" అన్నాడు.

నేను వంటింట్లోకి పోయి నీళ్ల కుళాయి తిప్పి నిలబడ్డాను. రెండు నెలలు ఆ సున్నాను తిట్టాను. రోజుకు ముప్పైసార్లు నా పేరునే తిట్టుకున్నాను. వెనక నుంచి బతూల్ వచ్చి నా వీపుకు తల ఆనించింది.

"రెండు వారాలు పడినాను నేను" అంది తెలుగులో. "నన్ను అడిగింటే చెప్తాంటి కదా, బూబమ్మా."

"భయమేసింది తల్లీ."

"నాకూ భయమే. నువ్వు పోతాండావని. అందుకే ఎర్రగా రాసుకున్యా, రోజూ చూస్తే అలవాటవుతాదని."

అలవాటయిందా అని నేను అడగలేదు.

జనవరి తొమ్మిది పొద్దున దస్తగిరి నా పెట్టెలు కారులో పెట్టాడు. మామా నా చేతిలో సబీనా బిడ్డకని బంగారు ఉంగరం పెట్టి, మొహం పక్కకు తిప్పుకుంది. బతూల్ గుమ్మం దాకా వచ్చింది. ఇంట్లోకి కుడికాలు, బయటికి ఎడమకాలు. పద్దెనిమిదేళ్లు ఈ గుమ్మంలో అట్లాగే తిరిగాను. అలవాటు కొద్దీ ఎడమకాలు ఎత్తాను.

బతూల్ నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఆ కాలు కాదు బూబమ్మా" అంది. "నువ్వు బయటికి పోవడంల్యా. ఇంటికి పోతాండావు."

ఎడమకాలు వెనక్కి తీసుకున్నాను. అది చూస్తుండగా కుడికాలు ముందు పెట్టాను.