గుర్రం ఎక్కలేని కొండ

…అయినా మనుషులు తమ భయానికి ఎంత అందమైన పేర్లు పెడతారు! ఇల్లంటారు, ఊరంటారు, పౌరుషమంటారు. నేను ఒక సన్నికల్లుని, నాకు ఆ అవసరం లేదు. నైజీరియా నడిమధ్య, ఎగ్గోన్ జనం బతికే కొండల్లో ఒక బండ నుంచి విడివడ్డాను. నన్ను చెక్కినవాడు తన పనితనానికి తనే మురిసిపోయాడు. నిజానికి నాకు ఈ రూపం తెచ్చింది జొన్నలు నూరిన ఆడవాళ్లు. నా నడుమ పడ్డ గుంటని వాళ్లు అరుగుదల అంటారు. తమకి పడితే మాత్రం అనుభవం అంటారు.

నా మీద ఎక్కువకాలం వంగింది అంజాకు అనేవాడి తల్లి. పేరు పెట్టి పిలిచేవాళ్లు మిగల్లేదు గనక ఇరుగుపొరుగుకి ఆమె అవ్వ. ఆమె చిన్నప్పుడు, మనుషుల్ని పట్టుకెళ్లి అమ్ముకునే రౌతులు కొండ దిగువన ఆమె అక్కని గుర్రం మీద వేసుకుపోయారు. అప్పటినుంచి అవ్వ దిగువకి పోలేదు. కొండరాళ్లలో గుర్రం కాలు నిలవదు. ఆ ఒక్క నమ్మకం మీదే ఆమె పెళ్లాడింది, బిడ్డల్ని కన్నది, వాలులో రాళ్లు పేర్చి చేను నిలిపింది.

తరవాత తెల్లదొరలు వచ్చారు. ఇక ఎవరూ ఎత్తుకుపోరు, కిందకి దిగి దారి పక్కన ఇళ్లు కట్టుకోండి అన్నారు. అంజాకు మనసు అప్పటికే కిందున్న మెత్తటి నేల మీద ఉంది.

"గుర్రాలు పోయాయిట్రా?" అంది అవ్వ, నూరుడు ఆపకుండా.

"పోలేదమ్మా. ఇప్పుడు పన్ను వసూలుకి వస్తున్నాయి."

"అయితే నేను రాను. మీరు పొండి."

"ఒక్కదానివే ఎట్టా ఉంటావు?"

"నీ పెళ్లాం వంట తినక్కర్లేకుండా, హాయిగా!"

కోడలు లాడి పకపకా నవ్వింది. "సరే అత్తా, రాయి నేను పట్టుకుపోతా. నువ్వు అరచేతుల్తో నూరుకో."

ఇంట్లో పెద్దావిడ రాయి ఎక్కడ దిగితే పొయ్యి అక్కడే వెలగాలి. అది ఆ ఇంటి కట్టుబాటు. తెల్లారి అంజాకూ అతని తమ్ముడూ నన్ను తీగలతో కట్టి కర్రకి వేలాడదీశారు. అవ్వ పొత్రం చంకనపెట్టుకుని, ఏడు తరాలనీ తిట్టుకుంటూ వెనకే దిగింది. నన్ను వదల్లేకనో, ఒంటరిగా మిగల్లేకనో. ఆమె నన్నే సాకుగా ఎంచుకుంది. నాకు అభ్యంతరం లేదు.

కొండ అడుగున అలుపు తీర్చుకోవడానికి నన్ను దించారు. అక్కడ పన్ను గుమాస్తా గుర్రం చెట్టుకి కట్టేసి ఉంది. అవ్వ కాళ్లు ఆగిపోయాయి. వెనక్కి తిరిగి నాలుగడుగులు పైకి వేసింది.

"అమ్మా, ఆగు. అది ముసలిది, పళ్లు కూడా లేవు," అన్నాడు అంజాకు. ఈసారి ఆమె ఎక్కితే మళ్లీ దిగదని అతనికి తెలుసు. చెయ్యి పట్టుకుని లాగలేదు.

అవ్వ తల మాత్రం వెనక్కి తిప్పింది. గుర్రం మెడ చాచి, ఎండుగడ్డి పరకని నోట్లో అటూ ఇటూ తిప్పి నమల్లేక వదిలేసింది. అది ఆమె చూసింది.

వచ్చి నా ముందు మోకాళ్ల మీద కూర్చుంది. మూటలోంచి గుప్పెడు జొన్నలు నా మీద పోసి, పొత్రంతో బరకగా నూరింది. ఆ నూకని దోసిట్లోకి తీసుకుని, మొహం పక్కకి తిప్పుకుని, గుర్రం నోటి దగ్గర పెట్టింది.