మెట్ల మలుపులో వాటా

టైలరమ్మ దారం కొస నోట్లో తడిపి, సూదిని కిటికీ వైపు ఎత్తి, ఒక కన్ను మూసింది. దారం ఎక్కింది. మూడో అంతస్తు మెట్ల మలుపులో, గోడకు ఆనించిన కుట్టు మిషను మీద అపార్టుమెంటు సంఘం సెక్రటరీ గారి కొత్త ప్యాంటు పరిచి ఉంది. పొడుగు తగ్గించమని పొద్దున ఆయనే తెచ్చి ఇచ్చారు. మిషను అక్కణ్ణుంచి తీసేయాలన్న నోటీసూ ఆ చేత్తోనే ఇచ్చారు. ఆవిడ రెండూ తీసుకుంది. ప్యాంటు కొలిచింది. నోటీసు నాలుగు మడతలు పెట్టి, ఊగుతున్న మిషను కాలి కింద దోపింది.

పక్కన కొత్త భవనం లేచినప్పటి నుంచి ఆవిడ ఫ్లాటులో పట్టపగలే చీకటి. బతుకంతా బట్టల ఫ్యాక్టరీలో ట్యూబులైటు కింద కుట్టి, ఆ సంపాదనతో కొనుక్కున్న గదులవి. ఇకనైనా వెలుతురులో కుట్టుకుంటానని ఎంత సంబరపడిందో! ఇప్పుడు ఈ మలుపులో కిటికీ ఒక్కటే దిక్కు. అది పోతే పని పోతుంది. పని పోతే తను ఎవరికీ ఏమీ కానని ఆవిడ భయం. ఆ భయం బయటపడకుండా ఉండాలనే గొంతు పెంచి మాట్లాడుతుంది.

మధ్యాహ్నం పార్కింగులో ఓనర్ల సమావేశం జరిగింది. మెట్లు ఉమ్మడి స్థలమని, మంటలు లేస్తే దిగే దారికి అడ్డమని, ఒకరిని చూసి ఊరుకుంటే రేపు అందరూ బీరువాలు బయట పెడతారని సెక్రటరీ చెప్పారు. ఆయన చెప్పింది అబద్ధమేమీ కాదు.

“ఉమ్మడి అంటే అందులో నా వాటా కూడా ఉన్నట్టేగా?” అంది టైలరమ్మ.

“ఉందమ్మా. కానీ ఫలానా చోటని విడిగా ఉండదు.”

“అయితే కిటికీ దగ్గరే ఉందనుకుంటాను. కాదని మీరు చూపించండి.”

కొందరు నవ్వారు. నవ్వినవాళ్లే తీర్మానానికి చేతులెత్తారు. రోజూ వదినా వదినా అంటూ తిరిగే ఎదురింటావిడ కూడా తల వంచుకుని ఎత్తింది. ఆవిడ వేసుకున్న జాకెట్టు టైలరమ్మ కుట్టిందే. చెయ్యి అంత పైకి లేచినా చంకలో ఎక్కడా పట్టలేదు. అది చూసి టైలరమ్మకు కడుపు మండిపోయింది.

“రేపూ అక్కడే కూర్చుంటా. నన్ను కూడా కలిపి ఎత్తుకెళ్లండి,” అనేసి మెట్లెక్కింది. ఆయాసం ముంచుకొస్తున్నా, ఎవరైనా చూస్తారని ఎక్కడా ఆగలేదు.

సాయంత్రపు ఎండ కిటికీలోంచి సూటిగా మిషను మీద పడింది. ప్యాంటు ఒక కాలు మడిచి కుట్టింది. రెండో కాలు పెట్టి, సూది దించి, కాస్త ఊపిరి తీసుకుందామని మిషను మీద తల ఆన్చింది. చీకటి పడ్డాక పాల కోసం కిందికి దిగుతున్న ఎదురింటావిడ పిలిచింది. పలకలేదు. భుజం పట్టి కదిపితే ఒళ్లు చల్లగా తగిలింది. ఎదురింటావిడ ఆ మెట్టు మీదే కూలబడి ఏడ్చింది.

మర్నాడు సెక్రటరీ మిషను తీయించబోతే సంఘం లాయరే ఆపాడు. పోయినవాళ్ల సొత్తు వారసులు వచ్చేదాకా కదపకూడదన్నాడు. వారసులెవరో టైలరమ్మ ఎన్నడూ చెప్పలేదు, వీళ్లెవరూ ఎన్నడూ అడగలేదు.

మలుపులో మిషను అలాగే ఉంది. దాని మీద సెక్రటరీ గారి ప్యాంటు, కుట్టిన కాలు నేల దాకా వేలాడుతూ, కుట్టని కాలు దించిన సూది కిందే.