ముని ఏం చెప్పాల్సింది?

మా అత్తయ్య అబద్ధం ఆడదు. ఇది పొగడ్త కాదు, ఫిర్యాదు. ఆవిడతో ఒకే కప్పు కింద కుట్టుషాపు నడిపి చూడండి, మీకే తెలుస్తుంది. గౌను రేపటికల్లా ఇచ్చేస్తానని నేను మాటిస్తే, గిరాకీ గుమ్మం దిగకముందే "ఇంకా గుడ్డకి కత్తెరే పడలేదమ్మా" అనేస్తుంది. వంద అబద్ధాలాడైనా ఒక పెళ్లి చెయ్యమన్నారు. ఈవిడ ఒక్క నిజం చెప్పి సొంత మేనకోడలి సంబంధం చెడగొట్టింది. అమ్మాయికి కోపం ఎక్కువా అని మగపెళ్ళివాళ్ళు మాటవరసకి అడిగితే, "ఎక్కువే" అందట.

అబద్ధమాడనని చిన్నప్పుడు వాళ్ళ నాన్న చేతిలో చెయ్యేసి పట్టిన వ్రతం అది. యథార్థవాది లోకవిరోధి అంటారు గానీ, మా వీధిలో ఏ తగాదా వచ్చినా జనం చివరికి చేరేది ఆవిడ కుర్చీ దగ్గరికే. ఆవిడ అవునంటే అవును, కాదంటే కాదు.

షాపంటే ఇంటి ముందు గదే. రెండు మిషన్లు, ఇస్త్రీ బల్ల, మూలన తెర కట్టిన ట్రయల్ రూమ్. నేను కత్తిరించి కుడతాను. పనికొచ్చే చిట్టి కాజాలు తీస్తుంది, అంచులు మడుస్తుంది. అత్తయ్య గుండీలు కుడుతూ పురాణ కథలు చెబుతుంది. అవి వింటూ చేస్తే పని సాగుతుంది, అది మాత్రం ఒప్పుకోవాలి.

ఆ మధ్య ఒక ముని కథ చెప్పింది. ఆయనకీ ఇదే వ్రతం. దొంగలు తరుముతుంటే కొందరు ప్రాణాలు అరచేత పట్టుకుని ఆయన ఆశ్రమం పక్క పొదల్లో దాక్కున్నారు. దొంగలొచ్చి ఎటు పోయారని అడిగితే ముని ఉన్నదున్నట్టు చెప్పాడు. వాళ్ళు అందర్నీ చంపేశారు. నిజం చెప్పిన ముని నరకానికి పోయాడు.

"మరి ముని ఏం చెప్పాల్సింది అమ్మమ్మా?" అంది చిట్టి, సూది ఆపి.

"ఏమీ చెప్పకూడదు. నోరు మూసుకుని కూర్చోవాల్సింది."

"ప్రాణం మీదికొస్తే బొంకొచ్చని పెద్దలే అన్నారుగా అత్తయ్యా," అన్నాను.

"ఆ వెసులుబాటు నోరు కట్టుకోలేని వాళ్ళకి," అంది ఆవిడ, పళ్ళతో దారం తెంపుతూ. చిట్టి ఇంకేదో అడగబోయి ఊరుకుంది. అప్పుడే ఆరా తీయాల్సింది నేను.

నిన్న మధ్యాహ్నం చిట్టి వెనక తలుపు తోసుకుని వచ్చి పడింది. పెదవి చిట్లింది. ఒక కాలికి చెప్పు లేదు. మెడ చుట్టూ ఎర్రగా సన్నటి గీత.

"నిన్న పొద్దుపోయేదాకా ఇక్కడే పని చేశానని చెప్పాను అక్కా. మా ఆయన నమ్మలేదు. ఎవడితో ఉన్నావో చెప్పమని వైరు చుట్టాడు. తోసేసి పరిగెత్తుకొచ్చా. ఈసారి దొరికితే వదలడు."

వాళ్ళాయన కరెంటు పనివాడు. మా షాపు వైరింగంతా అతని చేతిదే. గొంతెత్తి మాట్లాడి ఎరగడు. లోపలి పురుగల్లా అనుమానం. పోలీసులకి చేద్దామని ఫోను అందుకున్నానో లేదో, వీధిలో బండి ఆగింది. చిట్టిని ట్రయల్ రూమ్‌లోకి నెట్టాను. తెర నేలకి జానెడు పైకే ఆగిపోతుంది, కాళ్ళు కనిపిస్తాయి. అది తెలిసిన పిల్ల కాబట్టి లోపలున్న స్టూలెక్కి ముడుచుకుంది.

అతను భుజాన వైరు చుట్టతో లోపలికొచ్చాడు. ముందు పైకి చూశాడు.

"ఫ్యాను చప్పుడు చేస్తోందే అక్కా. చిట్టి వచ్చిందా?"

"రాలేదు," అన్నాను. అబద్ధమాడితే అతికినట్టుండాలంటారు. నాది అతకలేదు. అతను నవ్వాడు.

"మీరొద్దు అక్కా. పెద్దమ్మ చెప్పాలి." అత్తయ్య కుర్చీ ముందు గొంతుక్కూర్చున్నాడు. "పెద్దమ్మా, చిట్టి ఇక్కడుందా?"

అత్తయ్య చేతిలో సూది ఆగింది. ఆవిడ నోరు విప్పలేదు.

నోరు మూసుకుని కూర్చోవాల్సిందన్న మాట నాకు గుర్తొచ్చింది. తెర వెనక ఉన్న పిల్లకీ గుర్తొచ్చే ఉంటుంది. ఒట్టు, ఆ క్షణాన అత్తయ్య మీద వచ్చినంత కోపం నాకు పుట్టి బుద్ధెరిగి ఎవరి మీదా రాలేదు. ఈవిడ వ్రతం చెడకూడదని ఒక ఆడపిల్ల చావాలా?

"మాట్లాడరేం పెద్దమ్మా?" అతను లేచాడు. "లేకపోతే లేదనేవారు. ఊరుకున్నారంటే ఉన్నట్టేగా."

గదంతా చూశాడు. బల్ల కిందికి వంగి చూశాడు. తర్వాత తెర వైపు తిరిగి ఒక అడుగు వేశాడు. నేను కత్తెర పిడి పట్టుకున్నాను.

"లేదు," అంది అత్తయ్య.

అతను వెనక్కి తిరిగాడు.

"లేదు నాయనా. ఇప్పుడే వచ్చి వెళ్ళింది. ఒక కాలికి చెప్పు లేదు. నా చెప్పులిచ్చి పంపాను. బస్టాండుకి పోతానంది. తొందరగా వెళితే దొరుకుతుందేమో."

అతని కళ్ళలోకి చూస్తూ, తడబడకుండా చెప్పింది. ఆ చెప్పులు ఆవిడ కుర్చీ కిందే ఉన్నాయి. ఒళ్ళోని గౌను జారి వాటి మీద పడింది. జారిందో, ఆవిడే జార్చిందో!

"మీరు చెప్పారు, చాలు," అని అతను చేతులెత్తి దణ్ణం పెట్టాడు. బండి వెళ్ళిపోయింది.

చిట్టి వచ్చి అత్తయ్య కాళ్ళ మీద పడింది. ఆవిడ వేలికి సూది గుచ్చుకుని రక్తం వస్తోంది, చూసుకోలేదు.

"లే, లే. బస్టాండులో లేవని వాడికి ఎంతసేపట్లో తెలుస్తుంది? మళ్ళీ వస్తే నా మాట చెల్లదు. ఇన్నాళ్ళు కూడబెట్టిందంతా ఒక్కసారికే." కుర్చీ కింది చెప్పులు ముందుకు తోసింది. "ఇవి వేసుకో. అదన్నా నిజమవుతుంది."

చిట్టిని వెనక సందులోంచి ఆటో ఎక్కించి వాళ్ళక్క ఊరికి పంపాను. పోలీసులకి ఫోను చేశాను. ఎదురింటి వడ్రంగికి సంగతి చెప్పి ఉంచాను.

పొద్దు వాలకముందే అతను వచ్చాడు. వీధి వీధంతా గుమ్మాల్లో ఉంది. అత్తయ్య వట్టికాళ్ళతో మెట్టు మీద నిలబడింది.

"బస్టాండులో లేదు పెద్దమ్మా."

"ఉండదు. నువ్వొచ్చినప్పుడు ఆ తెర వెనకే ఉంది. నేను అబద్ధం చెప్పాను."

అతని ముఖం చూడాలి, తననే ఎవరో దోచుకున్నట్టు పాలిపోయింది.

"మీరే అబద్ధమాడితే ఇంక నేనెవర్ని నమ్మాలి?"

"చిట్టి నిజం చెప్పింది. మెడకి వైరు చుట్టావు. నేను అబద్ధం చెప్పాను. చేతులెత్తి దణ్ణం పెట్టావు. ఎవర్ని నమ్మాలో ఇప్పుడడుగుతున్నావా?"

వడ్రంగి వచ్చి అతని భుజం మీది వైరు చుట్ట తీసేసుకున్నాడు. అతను ఆపలేదు. పోలీసు జీపు వచ్చేదాకా ఆ మెట్టు మీదే కూర్చున్నాడు.

ఇవాళ పొద్దున గౌను కోసం గిరాకీ వచ్చింది. నేను నోరు తెరిచేలోగా అత్తయ్య ఎప్పటిలాగే, "ఇంకా గుండీలు పడలేదమ్మా, రేపు రా," అంది.

వచ్చినావిడ వెళ్ళలేదు. నిన్న గుమ్మాల్లో నిలబడి చూసిన వాళ్ళలో ఆవిడా ఉంది. నా వైపు తిరిగి, కాస్త మొహమాటంగా, "నిజమేనా?" అంది.

ఇన్నేళ్ళలో ఆ గదిలో ఆ మాట నేనెప్పుడూ వినలేదు. అత్తయ్య తలెత్తలేదు. గుండీ కుడుతూనే ఉంది.

"నిజమే," అన్నాను.