మా అన్న చేతిరాత

మా అన్న నసీబ్ చేతిరాతను గుర్తుపట్టడానికి మా ఊళ్లో ఎవరికీ పెద్ద చదువు అక్కర్లేదు. మా మత గ్రంథాలను అచ్చు వేయరు. చేత్తో రాసుకోవాలి, పరాయి కంట పడనివ్వకూడదు. దీక్ష తీసుకోని సొంత పిల్లలకే చూపించం, ఇక బయటివాళ్ల మాట చెప్పాలా! ముప్పై ఏళ్లు మా అన్న ఆ పనే చేశాడు. కింద పేరు పెట్టుకోడు, ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోడు. ఆ రాతల మధ్యే కవిత్వం కూడా రాసేవాడు. పెళ్లికి మాత్రం తీరిక దొరకలేదట. నా భర్త పోయాక నేనే వచ్చి ఆయనకు వండిపెట్టేదాన్ని.

ఆయన కవితల్లో ఊరంతటికీ నోటికొచ్చినది తన స్నేహితుడు హాయెల్ మీద రాసింది. ఫ్రెంచివాళ్లతో యుద్ధంలో తూటా తగిలి పడిపోయిన మా అన్నను హాయెల్ వీపున వేసుకుని నల్లరాళ్ల లోయ దాటించాడు. దాన్ని ఇప్పటికీ పెళ్లిళ్లలో పాడతారు. ఆ హాయెలే తర్వాత మా ప్రార్థనామందిరం ఖల్వాకు పెద్ద అయ్యాడు. గురువారం సాయంత్రాలు అక్కడ ప్రార్థన నడిపేది ఆయనే.

ఒక గురువారం, డమాస్కస్‌లో వ్యాపారం చేసుకునే మావాడొకడు గుడ్డలో చుట్టిన పుస్తకం తెచ్చి మా మతపెద్దలైన షేకుల ముందు పెట్టాడు. పాత పుస్తకాల అంగడిలో, వంటల పుస్తకం పక్కన కనిపించిందట. ఆడవాళ్ల వైపు కూర్చున్న నేను తెర సందులోంచి చూశాను. మా అన్న రాతే. అంతేకాదు, ఆ పుస్తకం నేనెరిగిందే. మూడేళ్ల కిందట ఎండుద్రాక్ష బుట్ట అడుగున పెట్టి, హాయెల్ ఇంటికి మోసుకెళ్లింది నేనే.

"ఇది నువ్వు రాసిందేనా నాయనా?" అని అడిగాడు అందరికన్నా ముసలి షేక్.

"నేను రాసిందేనండీ."

"ఎవరికిచ్చావు?"

మా అన్న హాయెల్ వైపు చూశాడు. మాకు మొదటి ధర్మం తోటివాడితో నిజం చెప్పడం. రెండోది తోటివాణ్ణి కాపాడటం. ఆ రెండూ ఒకదానికొకటి అడ్డం పడితే ఏం చేయాలో ఎవరూ నేర్పలేదు. మా అన్న పిచ్చి నమ్మకం ఏమిటంటే, ఖల్వాలో కూర్చుని తోటివాళ్ల ముందు నిజం దాచే మనిషి ఉండడని. కాస్త ఆగితే హాయెలే చెబుతాడని.

"నేను చెప్పనండీ. తీసుకున్నవాడే చెబుతాడు," అన్నాడు.

ఎవరూ చెప్పలేదు. హాయెల్ గడ్డం సవరించుకుని, చాలా సౌమ్యంగా, "మనవాడేగా, ఏ అవసరంలో పొరపాటు చేశాడో. మరీ కఠినంగా ఉండొద్దు. ఒప్పుకుని పశ్చాత్తాపపడేదాకా దూరంగా ఉంచుదాం, చాలు," అన్నాడు. ఆ జాలి వింటుంటే నాకు ఒళ్లు మండిపోయింది.

దూరంగా ఉంచితే ఖల్వాలో అడుగు పెట్టడానికి లేదు. చనిపోయినా "దేవుడు కరుణించుగాక" అనే మాట షేకుల నోట రాదు. మా అన్నకు ఈ లోకంలో కావలసింది ఆ గురువారం ప్రార్థన ఒక్కటే.

ఇంటికొచ్చాక అరిచాను. "రేపే వెళ్లి చెబుతాను. బుట్ట మోసింది నేనేగా."

"ఊరుకో జహియ్యా. వాడే చెబుతాడు. వాడు నన్ను మోసినవాడు."

"ఒకసారి మోసినందుకు జన్మంతా నువ్వు వాణ్ణి మోస్తావా అన్నా?"

"నా మాట విను. నువ్వు మాత్రం చెప్పకు."

నెల తర్వాత హాయెల్ ద్రాక్షపాకం కుండ పట్టుకుని వచ్చాడు. మా అన్న ఎదురుగా కూలబడ్డాడు.

"ఒరేయ్ నసీబ్, మా అబ్బాయిని ఫ్రెంచివాళ్ల జైల్లోంచి వదలాలంటే వాళ్ల దుబాసీ అడిగింది ఆ పుస్తకమొక్కటేరా. నువ్వైనా ఏం చేసేవాడివి?"

"నాకు పిల్లల్లేరుగా."

"'బయటికిచ్చింది నేనే' అని నువ్వు ఒక్క మాట అను. వచ్చే గురువారమే నీ చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళతా."

"అంటే ఖల్వాలోకి రావాలంటే ఖల్వాలోనే అబద్ధమాడాలి."

"నాకోసంరా."

"నీకోసం నోరు మూసుకున్నాను హాయెల్. నీకోసం నోరు తెరవమనకు."

హాయెల్ కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయాడు. పాకం కుండ వెనకాలే గుమ్మం బయట పెట్టేశాను.

రెండేళ్లు గడిచాయి. పెళ్లిళ్లలో హాయెల్ పాట పాడుతూనే ఉన్నారు, రాసినవాణ్ణి మాత్రం పిలవడం మానేశారు. మా అన్న మళ్లీ కలం ముట్టలేదు. గురువారం వస్తే స్నానం చేసి, ఉతికిన తెల్ల తలపాగా చుట్టుకుని, నేను ఖల్వా నుంచి తిరిగొచ్చేదాకా అరుగు మీద కూర్చునేవాడు. "ఏం చదివారు?" అని అడిగేవాడు. చెప్పేదాన్ని. అంతా విని, నా మొహంలోకి కాసేపు చూసి, లేచి లోపలికి పోయేవాడు. పాపం, ప్రార్థన కోసం అల్లాడిపోతున్నాడనుకునేదాన్ని. అంట్లు తోముతూ హాయెల్‌ను తిట్టుకోని రోజు లేదు.

రెండో శీతాకాలం మా అన్నకు ఛాతీలో నెమ్ము చేరి జ్వరం పట్టుకుంది. ఒక సోమవారం మధ్యాహ్నం పప్పుచారు తాగిస్తూ, "వాడు నిన్ను నిలువునా ముంచాడన్నా," అన్నాను.

"వాడి సంగతి వదిలెయ్. వాడికి కొడుకున్నాడు. నీకేమడ్డం?"

నాకు అర్థం కాలేదు.

"చెప్పొద్దన్నది నేనేలే. కానీ ప్రతి గురువారం, ఇవాళ చెప్పేసి వస్తుందేమో అని కూర్చున్నాను జహియ్యా."

"ఆ మాట నాతో అనొచ్చుగా అన్నా," అంటూ ఏడ్చాను.

"ఆ మాటంటే నేనే చెప్పమన్నట్టేగా," అని గోడవైపు తిరిగి పడుకున్నాడు.

మంగళవారం పొద్దున పోయాడు. బుధవారం షేకులెవరూ లేకుండానే మట్టి చేశాం. గురువారం ఖల్వాలో నేను తెర ఇవతల లేచి నిలబడి బుట్ట సంగతి చెప్పాను. హాయెల్ కాదనలేదు. తల వంచుకుని, "నిజమే," అన్నాడు. అంత తేలిగ్గా వచ్చింది ఆ మాట.

షేకులందరూ ఒక్కగొంతుతో, "నసీబ్‌ను దేవుడు కరుణించుగాక," అన్నారు. ఆ తర్వాత ముసలి షేక్ తెర వైపు తిరిగి, "ఇన్నాళ్లూ నువ్వెందుకు చెప్పలేదమ్మా?" అని అడిగాడు.

మా అన్న వద్దన్నాడని చెబుదామనుకున్నాను. అది నిజమే. అయినా, "నాకు అడ్డమేమీ లేదండీ," అన్నాను.