నాలుగు నిమిషాల మెట్లు

భోజనాల బల్ల పక్క గోడకి చార్టు అంటించిన రోజునే ఆ ఇంట్లో గొడవ మొదలైంది. చార్టంటే ఆషామాషీ చార్టు కాదు. సిటీ బస్సు డిపోలో టైంటేబుళ్ళు వేసుకునే గళ్ళ కాగితాలు ఐదు, అంచులు కలిపి అతికించినవి. ఎడమవైపు గంటలు, పైన రోజులు, గళ్ళలో నల్లసిరాతో ముత్యాల్లాంటి అక్షరాలు. మొదటి రోజు 9.40కి మ్యూజియం. 10.55కి బెంచీ మీద విశ్రాంతి, ఐదు నిమిషాలు. 11.00కి వంతెన. 11.12కి వంతెన మీద ఫొటో. పరాయి దేశంలో ఆరు రోజులు ఒక్క నిమిషం కూడా అటూ ఇటూ జారకుండా కట్టిపడేశాడు ఇంటి యజమాని.

ఆయన ఆ డిపోలో టైంటేబుల్ గుమాస్తా. ఊళ్ళో ఏ బస్సు ఎన్నింటికి కదలాలో, ఎక్కడ ఎన్ని నిమిషాలు ఆగాలో ఇరవై రెండేళ్ళుగా ఆయన బల్ల మీదే తేలుతుంది. డ్రైవర్లు ఆయన్ని నిమిషాల మాస్టారంటారు. వెక్కిరించడానికి పెట్టిన పేరే. ఆయన మాత్రం సన్మానం జరిగినంత సంబరంగా పుచ్చుకున్నాడు.

"ఇది చదవాలంటే మా షాపు నుంచి అద్దాలు తెచ్చుకోవాలండీ," అంది కళ్ళజోళ్ళ షాపులో పనిచేసే భార్య, చార్టు ముందు వంగి.

పద్నాలుగేళ్ళ కొడుకు గళ్ళన్నీ వేలితో వెతికాడు. "నాన్నా, బాత్రూంకి ఎక్కడా టైమివ్వలేదేంటి?"

"10.55 చూడు. ఐదు నిమిషాలుందిగా."

"అది విశ్రాంతి కదా?"

"అదీ విశ్రాంతేరా."

తల్లీ కొడుకూ పడీ పడీ నవ్వారు. పదిహేడేళ్ళ కూతురు నవ్వలేదు. అన్నం తినడం ముగించి, చెయ్యి కడుక్కుని, చార్టు ముందు కాసేపు నిలబడింది.

"నేను రావట్లేదు. మీరు ముగ్గురూ వెళ్ళి రండి. నేను పిన్ని వాళ్ళింట్లో ఉంటా," అంది.

కోపంగా అనుంటే ఆయన ఏదో ఒకటి అనేవాడు. అంత మామూలుగా అనేసరికి కలుపుతున్న ముద్ద కంచంలోనే వదిలేశాడు. ఎందుకంటే ఈ ప్రయాణం పెట్టుకున్నదే ఆ పిల్ల కోసం. తొమ్మిదేళ్ళప్పుడు పాత క్యాలెండర్‌లోంచి ఆ ఊరి వంతెన బొమ్మ కత్తిరించి బీరువా తలుపుకి లోపల అంటించుకుంది. అదింకా అక్కడే ఉంది, అంచులు పసుపెక్కి. వచ్చే ఏడాది చదువుకని వేరే ఊరు వెళ్ళిపోతుంది. హాస్టలు, స్నేహితులు, ఆ తర్వాత ఉద్యోగం. నలుగురూ కలిసి వెళ్ళడానికి మళ్ళీ ఎప్పుడు కుదురుతుందో, అసలు కుదురుతుందో లేదో. ఈ సంగతి ఆయన ఎవరితోనూ అనలేదు. గళ్ళు గీసే మనిషికి ఇలాంటివి చెప్పడం చేతకాదు.

ట్రావెల్స్ ఆఫీసులో నాలుగు సీట్లు పట్టి ఉంచారు. బుధవారం సాయంత్రం ఆరింటిలోగా పేర్లిచ్చేయాలి. ఆయన రెండు రోజులు ఆలోచించి, చివరికి కూతురి బాధేమిటో కనిపెట్టేశాననుకున్నాడు. పిల్లకి నమ్మకం లేదు. ఇంత ప్లాను అక్కడ నడుస్తుందా అని భయం. ఆ భయం తీర్చేస్తే సరి!

"శనివారం ట్రయల్ రన్," అని ప్రకటించాడు. "కొత్త రూటు వేస్తే ముందు ఖాళీ బస్సు తిప్పి చూస్తాం. జనాన్ని ఎక్కించాక చూసుకుంటామా?"

"అంటే ఊళ్ళోనే విదేశం వెళ్ళి రావాలా?" అన్నాడు కొడుకు.

"సూట్‌కేసులతో సహా."

భార్య నెత్తి కొట్టుకుంది గానీ, ఆ మనిషిని ఇరవై ఏళ్ళుగా చూస్తోంది కాబట్టి పాత దుప్పట్లూ, చదివేసిన పత్రికలూ రెండు సూట్‌కేసుల్లో కుక్కింది. కూతురు కూడా వచ్చింది. తల్లి బతిమాలితే, నాన్న ముచ్చట ఈ ఒక్క సాయంత్రంతో తీరిపోతుందని వచ్చింది.

ఆయన లెక్క ఇదీ. అక్కడ రెండో రోజు ఒక రైలు దిగి ఇంకో రైలు ఎక్కడానికి నాలుగు నిమిషాలుంటుంది. ఇక్కడ ఊరి ఉత్తరం వైపు కింది రోడ్డులో బస్సు దిగి, పై రోడ్డులో ఇంకో బస్సు ఎక్కడానికీ నాలుగు నిమిషాలే. ఆ నాలుగు నిమిషాలు వేసింది స్వయంగా తనే, ఇరవై ఏళ్ళ కిందట. ఇక్కడ గెలిస్తే ఎక్కడైనా గెలుస్తాం.

4.36కి బస్సు దిగారు. ఆయన వాచీ చూసుకుని, "పదండి, ఎదురుగానే," అంటూ సూట్‌కేసు పట్టుకుని చకచకా నడిచాడు. మలుపు తిరిగి, అక్కడే ఆగిపోయాడు.

ఎదురుగా మెట్లు. రాతి మెట్లు, నిట్టనిలువుగా. రెండు మలుపులు తిరిగి ఇళ్ళ మధ్యలోంచి ఎక్కడికో పోతున్నాయి. పై రోడ్డు ఆ కొసన ఎక్కడో ఉంది.

"ఇదేనా నాన్నా ఎదురుగా అంటే?" అన్నాడు కొడుకు.

ఆయన ఎక్కడం మొదలుపెట్టాడు. ఇరవయ్యో మెట్టుకి ఆయాసం, నలభయ్యో మెట్టుకి చెమటలు. పాత పత్రికలు ఎంత బరువుంటాయో అప్పుడు తెలిసింది. మొదటి మలుపులో భార్య కూలబడింది. రెండో మలుపు దాటుతుంటే పైన బస్సు స్టార్టయిన చప్పుడు వినిపించింది. 4.40. టైముకి వచ్చింది, టైముకి వెళ్ళిపోయింది. దానిలో తప్పు పట్టడానికేమీ లేదు.

పైకి చేరేసరికి స్టాపులో బెంచీ మీద ఎవరూ లేరు. నలుగురూ రొప్పుతూ కూర్చున్నారు. కాసేపటికి అవే మెట్లెక్కి ఒక పెద్దావిడ వచ్చింది. అరవై దాటి ఉంటాయి, భుజాన బట్టల మూట. కుట్టుపని చేసుకుంటుందట, కింది రోడ్డులో కొట్టుకి కుట్టినవి ఇచ్చి, కొత్తవి తెచ్చుకుంటుందట. మూట దించి కొడుకు పక్కన చతికిలబడింది.

"పోయిందా? పోయే ఉంటుంది. రోజూ ఇంతే," అంది. "ఈ బస్సుల టైములు వేసినవాడెవడో గానీ, వాడికి మోకాళ్ళు లేవమ్మా."

కొడుకు నోరు తెరవబోతుంటే కూతురు వాడి తొడ మీద గిల్లింది. ఆయన తల దించుకుని సూట్‌కేసు హ్యాండిల్ కేసి చూశాడు. ఊరుకుంటే సరిపోయేది, ఎవరికీ తెలిసేది కాదు. కానీ ఊరుకోలేకపోయాడు.

"వేసింది నేనేనమ్మా," అన్నాడు.

పెద్దావిడ ఆయన్నీ, రెండు సూట్‌కేసుల్నీ ఎగాదిగా చూసింది. "అందుకని ఊరొదిలి పారిపోతున్నావా బాబూ?"

భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయనకి నవ్వు రాలేదు.

"ఈ మెట్లు ఎప్పుడైనా ఎక్కావా?" అడిగింది పెద్దావిడ.

"లేదమ్మా. మ్యాపు మీద స్కేలు పెట్టి కొలిచాను."

"మ్యాపులో మెట్లుండవా?"

"ఉండవు."

"మరి మళ్ళీ బస్సెప్పుడు?"

"5.20కి. నలభై నిమిషాలకొకటి."

"అదీ నువ్వేనా నాన్నా?" అంది కూతురు.

"నేనే."

కూతురు పక్కున నవ్వింది. వారం రోజుల తర్వాత నవ్వడం. ఆయన తలెత్తి చూశాడు. ఇరవై ఏళ్ళుగా ఎంతమంది ఈ బెంచీ మీద కూర్చుని తనని తిట్టుకున్నారో తలుచుకుంటే ఆయనకి సిగ్గుతో చచ్చిపోవాలనిపిస్తోంది. అయినా ఆ నవ్వు మాత్రం ప్రాణానికి హాయిగా ఉంది.

భార్య పెద్దావిడ కళ్ళజోడు వంకర సరిచేస్తూ మాటల్లో పడింది. కొడుకు మెట్లు లెక్కపెట్టడానికి కిందికి దిగాడు. కూతురు తండ్రి పక్కకి జరిగింది.

"నాన్నా, నా చిన్నప్పుడు సముద్రం చూడ్డానికి వెళ్ళాం, గుర్తుందా?"

"ఎందుకు గుర్తులేదు? మూడు చోట్లు చూశాం ఆ రోజు."

"నేను ఇసుకలో ఇల్లు కట్టుకుంటున్నా. గోడలయ్యాయి, గుమ్మం పెట్టాలి. నువ్వు వాచీ చూసి లేపేశావు. ఏడిస్తే మళ్ళీ వద్దాంలే అన్నావు. మళ్ళీ వెళ్ళలేదు."

"ఆ రోజు బస్సు..." అని ఆపేశాడాయన.

"నీతో ఎక్కడికెళ్ళినా అంతే నాన్నా. నేను చూడ్డం మొదలుపెట్టేలోపే టైమైపోతుంది. ఆ వంతెన మీద నాకు పన్నెండు నిమిషాలిచ్చావు. దానికంటే ఆ బొమ్మే నయం, ఎంతసేపైనా చూసుకోవచ్చు. అందుకే రానన్నా."

ఆయన చొక్కా చెయ్యి వాచీ మీదికి లాక్కున్నాడు. కూతురే మళ్ళీ అడిగింది. "పోనీ ఈ మెట్ల టైమైనా మారుస్తావా?"

"మార్చాలి. కానీ ఊరికే మార్చనివ్వరు. మూడు రోజులు వరసగా, ఒకే వేళకి, రోజూ ఆ దారిన నడిచే మనిషి వెనకాలే నడిచి కొలవాలి. ఆ వేళకి నేను డిపోలో ఉండాలి. పంపడానికి మనుషులేరీ?" అన్నాడు. 5.20 బస్సెక్కి ఇంటికొచ్చేశారు. ట్రయల్ రన్ అక్కడితో సరి.

ఆదివారం పొద్దున ఆయన గోడ మీది చార్టు తీసేశాడు. కొత్త కాగితం మీద వెళ్ళే విమానం టైమూ, వచ్చే విమానం టైమూ రాసి, మధ్యలో ఆరు రోజుల గళ్ళ ముందు పెన్ను పట్టుకుని కూర్చున్నాడు. ఖాళీ గడి చూస్తే ఆయన చేతులు ఊరుకోవు. మ్యూజియం అని రాయబోయి మానుకున్నాడు. చివరికి ఖాళీగానే గోడకి అంటించాడు. కూతురు చూసింది. చూసి తన గదిలోకి వెళ్ళిపోయింది.

సోమవారం కాలేజీ నుంచి ఆలస్యంగా వచ్చింది. మంగళవారమూ అంతే. వస్తూనే గదిలోకి పోయి తలుపేసుకుంది. తన మొహం చూడ్డం ఇష్టం లేక బయటే తిరుగుతోందని ఆయన మనసు చివుక్కుమంది.

"వస్తుందో రాదో అడగొచ్చుగా," అంది భార్య.

"అడిగితే మళ్ళీ టైము పెట్టినట్టుంటుందే," అన్నాడాయన. ఆవిడ ఆయన కేసి వింతగా చూసింది.

బుధవారం డిపోలో గంట ముందు సెలవడిగి 5.40కి ట్రావెల్స్ ఆఫీసుకి చేరాడు. అది కూడా ఆ కింది రోడ్డులోనే, మెట్లకి రెండు స్టాపుల దూరం. కౌంటర్లో అమ్మాయి ఫారం ముందుకి తోసింది.

"ముగ్గురా, నలుగురా సార్?"

ఆయన మూడు పేర్లు రాశాడు. నాలుగో గీత మీద పెన్ను ఆగింది. 5.48. 5.53. జీవితంలో ఒక్క బస్సుని ఒక్క నిమిషం ఆపనివ్వని మనిషి, "ఇంకాస్త చూద్దామమ్మా," అన్నాడు. 5.56కి ఆ అమ్మాయి కంప్యూటర్ కేసి చూసి, ఆయన కేసి చూసి, "ఇంక లేదు సార్," అంది. ఆయన తల ఊపి, పెన్ను మూత పెట్టాడు.

అప్పుడు అద్దం తలుపు తోసుకుని కూతురు లోపలికొచ్చింది. మొహమంతా చెమట, జుట్టంతా రేగిపోయి ఉంది. బ్యాగులోంచి మడతపెట్టిన కాగితం తీసి ఆయన చేతిలో పెట్టింది. డిపో గళ్ళ కాగితం, ఇంట్లో ఆయన బల్ల సొరుగులోంచి పట్టుకెళ్ళిందే.

సోమవారం పన్నెండు నిమిషాలు. మంగళవారం పద్నాలుగు, మూట బరువుగా ఉంది. బుధవారం పదమూడు. మూడు రోజులూ ఒకే వేళకి, కుట్టుపని చేసే పెద్దావిడ వెనకాల నడిచి. సరాసరి పదమూడు. దాని కింద చిన్న అక్షరాలతో ఇంకో మాట ఉంది. ఎక్కేవాళ్ళు రెండో మలుపులో గోడ మీద కూర్చుంటారు. అక్కడ్నించి ఊరంతా కనిపిస్తుంది. కూర్చోనివ్వాలి.

ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దాచుకోవాలని కూడా తోచలేదు.

"ఇవాళ నేనూ కూర్చున్నా నాన్నా. అందుకే లేటైంది," అంది కూతురు. "గోడ మీది చార్టు ఖాళీగానే ఉంటుందా?"

"ఉంటుంది."

"ఒట్టు?"

"ఒట్టు."

పెన్ను ఆయన చేతిలోంచి లాక్కుని, మూత తీసి, నాలుగో గీత మీద తన పేరు తనే రాసుకుంది. కౌంటర్లో అమ్మాయి హమ్మయ్య అనుకుంటూ ఫారం అందుకుంది.

బయటికొచ్చారు. ఇంటికెళ్ళే బస్సు 6.10కి ఎదురుగా ఉన్న స్టాపులోనే ఆగుతుంది. ఆ సంగతి ఆయన కంటే బాగా తెలిసినవాళ్ళు ఊళ్ళో లేరు. అయినా ఆ మాట ఎత్తలేదు.

"ఆ గోడ నాకూ చూపిస్తావా?" అన్నాడు.

"పదమూడు నిమిషాలు పడుతుంది నాన్నా."

"పడనీ."